నిలిచిన మన్ను పారుట ఎట్లు?

నేల కదలనిదని మన నమ్మకము. నిఘంటువులు భూమికి ‘అచల’ యనియు, ‘స్థిర’ యనియు పేరులు చెప్పుచున్నవి. ఇల్లు కట్టుకొనువాడు పునాది త్రవ్వి, గునపమునకు గట్టినేల తగిలినంతనే నిశ్చింతుడగును. నీరు పారును, గాలి వీచును, మన్ను మాత్రము వేసినచోట పడియుండునని మనము తలచుచుందుము. కాని ఆ మన్నే ఒక్కొక్కప్పుడు ఏరువలె పారును. నిన్నటివరకు మనుష్యులు, పశువులు నడచిన గట్టు నేడు నిమిషములలో గంజివలె జారి ఊళ్ళమీద పడును. ఇది ఎట్లు జరుగును? ముందుగా గుర్తించుటకు వీలున్నదా? ఈ ప్రశ్నలకు ప్రయోగశాలలలో దొరకిన సమాధానములను ఈ ప్రసంగములో వివరింప దలచినాము.

మొదట ఒక దుర్ఘటనను చెప్పవలసియున్నది. 1966వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీ ఉదయము సుమారు 9 గంటల 15 నిమిషములకు, బ్రిటనులోని వేల్సు సీమలో అబర్‌ఫాన్ అను చిన్న గనుల గ్రామమున, పిల్లలు అప్పుడే బడిలో కూర్చున్నారు. ఊరికి పైనున్న కొండవాలుమీద, బొగ్గుగనినుండి తీసిన పనికిరాని రాతిపొడిని, మన్నును, బొగ్గుబురదను ఏండ్ల తరబడి గుట్టలుగా పోసియుంచిరి. ఆ గుట్టలలో ఏడవదానిని 1958లో మొదలుపెట్టిరి. ఎనిమిదేండ్లలో అది 111 అడుగుల ఎత్తయ్యెను. దాని అడుగున కొండ ఊటలు గలవు. అంతకు ముందు కొన్ని వారములుగా వానలు కురియుచుండెను. ఆ ఉదయము గుట్ట కదలి, నల్లని ప్రవాహమై కొండ దిగివచ్చి, పాంట్‌గ్లాస్ బడిని, దాని ప్రక్కనున్న ఇండ్లను కప్పివేసినది. 144 మంది మరణించిరి. వారిలో 116 మంది పిల్లలు.

ఇందులో మనము గమనింపవలసిన సంగతి యొకటి గలదు. ఆ ఏడవ గుట్టయే 1963లో కూడ జారినది. అప్పుడు ఆ జారుడు ఊరిని చేరలేదు. ఒకమారు జారి ఆగిన గుట్ట మరియొకమారు ఏల ప్రవాహమైనది? జారుట వేరు, పారుట వేరు. జారుట పారుటగా మారు ఆ గడియను పట్టుకొనుటయే ఈ శాస్త్రమంతటికిని ముఖ్యమైన సమస్య.

గింజలు, సందులు

మన్ను ఒకే ముద్ద కాదు. ఇసుకయైనను, ఒండ్రైనను, బంకమన్నైనను అది గింజల సమూహము. గింజలనడుమ సందులున్నవి. ఆ సందులలో గాలియో, నీరో, రెండునో ఉండును. ధాన్యము కొలిచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. కుంచములో వడ్లు మెల్లగా జారవిడిచి తలకొట్టిన ఒక కొలత వచ్చును; కుంచమును నేలకు తట్టుచు కుదించి పోసిన వేరొక కొలత వచ్చును. కుంచము మారలేదు, గింజ మారలేదు. గింజలనడుమ సందు మారినది.

ఒకే పరిమాణముగల గోళీలను ఒకదాని నెత్తిన ఒకటి వచ్చునట్లు సూటిగా పేర్చినయెడల, మొత్తము చోటులో నూటికి సుమారు 48 పాళ్ళు ఖాళీగానే యుండును. ఒక వరుస గోళీల నడిమి పల్లములలో రెండవ వరుస కూర్చుండునట్లు పేర్చినయెడల ఖాళీ నూటికి 26 పాళ్ళకు తగ్గును. నిజమైన ఇసుకగింజలు గోళీలంత గుండ్రనివి కావు, ఒకే పరిమాణమువి కావు. అయినను వదులుగా పడిన ఇసుక, కుదించిన ఇసుక అను భేదము వానియందును ఉన్నది. ఈ చిన్న భేదమును గుర్తుంచుకొనవలెనని మనవి. ఒక కొండ మెల్లగా జారునా, పరుగెత్తునా యనునది పెక్కుమారులు దీనిమీదనే ఆధారపడియున్నది.

రాపిడియే బలము

పొడి ఇసుకను తట్టతో ఒకచోట పోయుచుండుడు. పోగు పెరుగును గాని దాని వాలు ఒక హద్దు దాటి నిటారు కాదు. ఎంత పోసినను వాలు సుమారు 30, 35 డిగ్రీలయొద్ద నిలిచిపోవును. అదనముగా పోసిన ఇసుక ప్రక్కలకు జారిపోవును. ఆ వాలును నిలుపునది గింజకును గింజకును నడుమనున్న రాపిడి.

ఈ విషయమును లెక్కలోనికి తెచ్చినవాడు ఫ్రెంచి సైనిక యింజనీరు కూలూం. కోటగోడల వెనుకనున్న మన్ను గోడలను ఎంత బలముతో నెట్టునో తెలిసికొనుటకు ఆయన వ్రాసిన వ్యాసము 1776లో అచ్చయినది. మన్ను తెగి జారకుండ నిలుపు శక్తులు రెండని ఆయన చెప్పెను. ఒకటి గింజలు ఒకదానినొకటి అంటుకొని యుండు గుణము, రెండవది రాపిడి. అంటు గుణము ఆ మన్ను స్వభావమునుబట్టి యుండును. రాపిడి యట్లు కాదు. గింజలు ఎంత గట్టిగా ఒకదానినొకటి అదుముకొనియుండునో అంత రాపిడి. ఖాళీ బస్తాను నేలమీద ఈడ్చుట సులభము, నిండు బస్తాను ఈడ్చుట కష్టము. నేల మారలేదు, గోనె మారలేదు. అదుము బలము మారినది. కనుక మన్నుయొక్క బలమును పోగొట్టుటకు మన్నును మార్చనక్కరలేదు. గింజల నడిమి అదుమును తగ్గించిన చాలును.

నీరు లేని గింజలు కూలి పారు తీరును ప్రయోగశాలలో మిక్కిలి సులభముగా చూడవచ్చును. అడుగులేని గొట్టమును బల్లపై నిలిపి, దానినిండ ఇసుక పోసి, గొట్టమును చటుక్కున పైకి లాగిన, ఇసుక స్తంభము కూలి చుట్టును పరచుకొనును. 2004లో వెలువడిన పరిశోధనలలో ఇట్టి స్తంభములను అనేకవిధములైన గింజలతో కూల్చి కొలిచిరి. గింజలు ఏవైనను అవి పరచుకొను దూరము ఒకే నియమమునకు లోబడినది. పొట్టి స్తంభములలో పరపు ఎత్తునకు అనుగుణముగా పెరిగినది. పొడవైన స్తంభములలో ఎత్తుయొక్క వర్గమూలమునకు అనుగుణముగా మాత్రమే పెరిగినది. అనగా ఎత్తు నాలుగింతలైనను, పరపు పెరుగుట నాలుగింతలు కాదు, సుమారు రెండింతలే. పొడి గింజలు తమ రాపిడిచేతనే తొందరగా ఆగిపోవును. మరి అబర్‌ఫాన్ గుట్ట అంతదూరము ఏల పోయినది? ఆ సమాధానము నీటిలో ఉన్నది.

నీరు చేయు పని

తడిసిన మన్ను జిడ్డుగానుండి జారునని సాధారణముగా అందరును అనుకొందురు. నూనె రాసినట్లు నీరు గింజలను జారించునని ఊహ. ఇది సరికాదు. గట్టి ఖనిజపు గింజలకు నీరు అట్టి నూనెగా పనిచేయదు. కొంచెము తడిసిన ఇసుక పొడి ఇసుకకన్న గట్టిగా నిలుచును. సముద్రతీరమున పిల్లలు కట్టు ఇసుక గూళ్ళే ఇందుకు సాక్ష్యము. నీరు హాని చేయునది మరియొక విధముగా.

దానిని తేటపరచినవాడు కార్ల్ టెర్జాగీ. 1883లో ప్రేగ్ నగరమున జన్మించిన ఈ యింజనీరు, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత ఇస్తాంబూలులోని రాబర్ట్ కళాశాలలో పాఠములు చెప్పుచు, చేతికి దొరకిన సామానుతో పరికరములు అమర్చుకొని, బంకమన్ను బిళ్ళలను బరువులక్రింద నొక్కి, నీరు ఎట్లు బయటికి వచ్చునో నెలల తరబడి కొలిచెను. 1925లో ఆయన గ్రంథము జర్మను భాషలో వెలువడినది. నేటి మృత్తికా యంత్రశాస్త్రమునకు అదియే పునాదియని చెప్పుదురు.

ఆయన కనుగొన్న సూత్రమును ఒక ఉపమానముతో చెప్పవచ్చును. ఒక పల్లకిని రెండు జట్ల బోయీలు మోయుచున్నారనుకొందము. ఒక జట్టు పేరు గింజలు, రెండవ జట్టు పేరు నీరు. పల్లకి బరువు మారదు. నీటిజట్టు ఎక్కువ బరువు ఎత్తుకొన్న, గింజల జట్టుమీద బరువు తగ్గును. చూచుటకు ఇది మేలువలె తోచును. కాని కాలు నేలకు బిగబట్టి ప్రక్కకు జారకుండ నిలువగలిగినది గింజల జట్టు మాత్రమే. నీటికి ఆ శక్తి లేదు. అందుచేత సందులలోని నీటి ఒత్తిడి పెరిగినకొలది గింజల అదుము తగ్గును. అదుము తగ్గినకొలది రాపిడి తగ్గును. బరువంతయు నీటిమీదనే పడిననాడు గింజలు ఒకదానినొకటి తాకీతాకనట్లు తేలియుండును. అప్పుడది నేల కాదు, చిక్కని ద్రవము.

ఊబిలో మర్మమిదియే. గాజుపాత్రలో ఇసుక పోసి, పైన ఒక తూకపురాయి నిలిపి, అడుగునుండి నీటిని మెల్లగా పైకి ఎక్కించిన, మొదట రాయి కదలదు. నీటి వేగము ఒక హద్దు చేరినంతనే ఇసుక ఉడుకుచున్నట్లు కదలి, రాయి దిగబడిపోవును. నీటిని ఆపిన ఇసుక మరల గట్టిపడును. చెరువుకట్టకు దిగువవైపున నీరు ఉబికి, ఇసుకను బుడగలుగా పైకి తెచ్చినపుడు ‘బుంగ పడుచున్నది’ అని రైతులు పరుగెత్తుదురు. ప్రయోగశాల గాజుపాత్రలో చూచినదానిని వారు కట్టమీద చూచి ఎరుగుదురు.

వదులు మన్ను, కుదురు మన్ను

ఇప్పుడు గింజల సందులకు మరల వత్తము. 1885లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆస్బర్న్ రేనాల్డ్స్ ఒక చిత్రమైన ప్రయోగము చూపెను. రబ్బరు సంచిలో గింజలను కుదురుగా నింపి, సందులనిండ నీరు పోసి, సంచి మూతికి గాజుగొట్టము తగిలించెను. సంచిని పిండిన నీరు గొట్టములో పైకి రావలెనని ఎవరైనను అనుకొందురు. కాని నీరు క్రిందికి దిగినది. కుదురుగా కూర్చున్న గింజలు కదలవలెనన్న ఒకదానిమీదికి ఒకటి ఎక్కవలెను. ఎక్కినపుడు వానినడుమ చోటు పెరుగును. ఆ చోటు నీటిని లోనికి పీల్చుకొనును. అల వెనుకకు పోయిన తడి యిసుకపై అడుగు వేసిన, పాదముచుట్టు ఒక్క క్షణము పొడిబారినట్లు తెల్లబడుట మచిలీపట్నములోనైనను, విశాఖలోనైనను చూచియుందురు. దాని కారణమిదియే.

వదులుగా పడిన గింజల సంగతి దీనికి వ్యతిరేకము. అవి కదలినంతనే ఖాళీలలోనికి దిగి కుదించుకొనును. సందులలో నీరుండి, అది బయటపడుటకు వ్యవధి లేనియెడల, కూలుచున్న గింజల బరువంతయు నీటిమీద పడును. నీటి ఒత్తిడి ఒక్కసారిగా లేచును, రాపిడి పోవును, కదలిక మరింత హెచ్చును, హెచ్చిన కదలిక మరిన్ని గింజలను కూల్చును. కుదురు మన్ను కదలినపుడు నీటిని పీల్చుకొని తన్ను తానే బిగించుకొనును. వదులు మన్ను కదలినపుడు తన కాళ్ళను తానే నరుకుకొనును.

ఈ రెంటి నడుమ ఒక హద్దున్నదని 1936లో హార్వర్డు విశ్వవిద్యాలయాచార్యుడు ఆర్థర్ కాసాగ్రాండే వివరించెను. రెండేండ్లకే, 1938 సెప్టెంబరు 22న, అమెరికాలోని మాంటానా రాష్ట్రమున నిర్మాణములోనున్న ఫోర్ట్ పెక్ మట్టి ఆనకట్టలో పెద్ద భాగము జారిపోయి, 8 మంది పనివారు ప్రాణములు కోల్పోయిరి. ఆ కట్టను నీటితో కలిపిన మన్నును గొట్టములద్వారా తెచ్చి పోయుచు కట్టుచుండిరి. ఇట్లు పోసిన మన్నుయొక్క వదులుదనమును గూర్చిన చర్చ అప్పటినుండి తీవ్రమైనది.

ఈ చర్చను తేల్చుటకు ప్రయోగశాలలలో నేటికిని వాడుచున్న ముఖ్యసాధనము ట్రయాక్సియల్ పరికరము. సాధారణముగా 38 మిల్లీమీటర్ల వ్యాసము, 76 మిల్లీమీటర్ల ఎత్తుగల మట్టి స్తంభమును సన్నని రబ్బరు తొడుగులో ఉంచి, చుట్టును నీటితో ఒత్తిడి కలిగింతురు. భూగర్భమున ఆ మన్నును చుట్టుప్రక్కల మన్ను ఎట్లు అదుముకొనియుండునో అట్లే ఇదియు. పిదప పైనుండి కడ్డీతో నొక్కుచు, లోపలి నీటి ఒత్తిడిని కొలుచుచుందురు. నీరు బయటికి పోకుండ మూసి, మిక్కిలి వదులైన ఇసుకను నొక్కినయెడల, స్తంభము కొంతవరకు బరువు మోసి, ఒక్క కనురెప్పపాటులో కుప్పకూలును. కుదురు ఇసుకయైన, బరువు పెరిగినకొలది గట్టిపడుచుండును.

భూకంపము కూడ ఇట్టి పనియే చేయును. 1964 జూన్ 16న జపానులోని నీగాతా నగరమున భూమి కంపించినపుడు, నదీతీరపు వదులు ఇసుకపై కట్టిన నివాస భవనములు గోడలు పగులకుండనే ప్రక్కకు ఒరిగి పడినవి. భవనములు బలహీనములు కావు. వాని క్రింది నేల కొన్ని నిమిషములు నేలగా ఉండుట మానినది. తరువాత రెండేండ్లకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సీడ్, లీ అను పరిశోధకులు మట్టి స్తంభమును మాటిమాటికి నొక్కుచు వదలుచు, ఒక్కొక్క ఊపునకు నీటి ఒత్తిడి మెట్టుమెట్టుగా ఎక్కి తుదకు ఇసుక ద్రవమగుటను చూపిరి.

ఉప్పు పోయిన బంకమన్ను

ఇసుకయే కాదు, బంకమన్ను కూడ పారగలదు. నార్వే, స్వీడను దేశములలో ఒక విచిత్రమైన బంకమన్ను గలదు. పూర్వము మంచుయుగము ముగియుచున్నపుడు అది సముద్రపు ఉప్పునీటిలో పేరుకొన్నది. ఉప్పు ఉండుటచేత దాని రేకులు పేకమేడవలె ఒకదానికొకటి ఆనుకొని, నడుమ విశేషముగా నీటిని నిలుపుకొన్నవి. మంచు బరువు తొలగి నేల పైకి లేచిన తరువాత, వేల యేండ్లుగా వాననీరు, ఊటనీరు ఆ ఉప్పును కడిగివేసినవి. పేకమేడ నిలిచియేయున్నది, దానిని పట్టియుంచిన బంధము పోయినది. నార్వే శాస్త్రజ్ఞుడు రోసెన్‌క్విస్ట్ ఈ ఉప్పు సంగతిని ప్రయోగములచే నిరూపించెను.

ఆ మన్ను ముద్దను కదపకుండ బల్లపై ఉంచిన, బరువు మోయును. అదే ముద్దను గిన్నెలో వేసి గరిటెతో కలిపిన, మజ్జిగవలె పోయుటకు వీలగును. చుక్క నీరైనను చేర్చనక్కరలేదు. మరల అందులో కొంచెము ఉప్పు వేసి కలిపిన, గట్టిపడును.

1978 ఏప్రిల్ 29న నార్వేలోని రిస్సాలో ఒక రైతు కొట్టము కట్టుటకు పునాది త్రవ్వి, తీసిన సుమారు 700 ఘనమీటర్ల మన్నును సరస్సు గట్టున పోయించిరి. ఆ కొద్ది బరువుతో గట్టు తెగినది. తెగుట వెనుకకు ప్రాకి, కొంతసేపటిలో పొలములు, ఇండ్లు సరస్సులోనికి తేలిపోయినవి. మొత్తము కదలిన మన్ను 50 లక్షల ఘనమీటర్లకు పైమాట. ఆ దృశ్యమును అచ్చటివారు చలనచిత్రముగా తీయుటచేత ప్రపంచమంతట విద్యార్థులు చూడగలిగిరి. 2020 డిసెంబరు 30న అదే దేశమున యెర్‌డ్రుమ్‌లో ఇట్టి మన్నే తెగి 10 మందిని బలిగొన్నది.

కొండను ప్రయోగశాలకు తెచ్చుట

ప్రయోగశాలలో ఒక చిక్కున్నది. చిన్న పళ్ళెములో చిన్న కొండ చేసి, నీరు చల్లి, కూలునో కూలదో చూచిన చాలదు. చిన్న నమూనాలో మన్ను బరువు తక్కువ. నీరు బయటపడవలసిన దూరమును తక్కువ. అచ్చట నీటి ఒత్తిడి నిలువక ముందే చెదరిపోవును. అంటు గుణము మాత్రము తగ్గదు. కనుక బొమ్మకొండ నిజమైన కొండవలె ప్రవర్తింపదు.

దీనికి రెండు మార్గములు కనుగొనిరి. మొదటిది, ప్రయోగశాలనే కొండంత చేయుట. అమెరికా భూగర్భ పరిశోధన సంస్థవారు 1991లో ఆరెగన్ రాష్ట్రపు అడవిలో కొండవాలున ఒక కాంక్రీటు కాలువ కట్టిరి. దాని పొడవు 95 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 1.2 మీటర్లు, వాలు 31 డిగ్రీలు. పైన తలుపు వెనుక లారీలతో తెచ్చిన ఇసుక, గులక, బురద నింపి, నీటితో తడిపి, తలుపు తెరచెదరు. అడుగున అమర్చిన పరికరములు ప్రవాహపు మందమును, బరువును, నీటి ఒత్తిడిని క్షణక్షణము వ్రాసికొనును.

రిచర్డ్ ఐవర్సన్, ఆయన సహచరులు ఆ కాలువలో జరిపిన ప్రయోగముల ఫలితము 2000లో వెలువడినది. ఒకే ఇసుకమన్నును రెండు విధములుగా నింపిరి. మొదటిదానిలో ఖాళీ సుమారు నూటికి 50 పాళ్ళు. రెండవదానిలో సుమారు 40. రెంటిని నీటితో తడిపి జారించిరి. వదులు మన్ను తెగినంతనే కుదించుకొని, ఒక్క సెకనులోపల సెకనుకు 1 మీటరు మించిన వేగము పుంజుకొన్నది. కుదురు మన్ను ఉబ్బి, ఆగి ఆగి జారినది. దాని సగటు వేగము సెకనుకు 2 మిల్లీమీటర్లు. మన్ను అదే, నీరు అదే, వాలు అదే. కుంచమును తట్టి పోయుట, తట్టక పోయుట అనునంత భేదము వేగమును వందలరెట్లు మార్చినది.

ఈ కాలువ మరియొక సంగతిని కూడ చూపినది. ప్రవాహమునందు పెద్దరాళ్ళు పైకి తేలి, ముందు వరుసకు చేరును. చాటలో ధాన్యమును ఆడించినపుడు పెద్దవి పైకి, చిన్నవి అడుగునకు పోవుట గృహిణులు ఎరిగినదే. ఇట్లు ప్రవాహపు ముక్కున రాళ్ళు గుమిగూడి, రాపిడితో ఆపచూచును. వెనుక బురద నీటి ఒత్తిడితో ద్రవమై దానిని నెట్టుచుండును. బురద సన్ననిదైన, నీరు సందులనుండి తొందరగా వెలికిరాలేదు; ఒత్తిడి నిలిచియుండును; ప్రవాహము దూరము పోవును. కొండ కూలినచోటికి మైళ్ళ దూరమున ఇళ్ళు రాళ్ళక్రింద పడుటకు కారణమిది.

రెండవ మార్గము, చిన్న నమూనాయొక్క బరువును పెంచుట. మన్ను నమూనాను పెద్ద ఇనుప బాహువు చివర ఉంచి గిరగిర త్రిప్పుదురు. వడిసెలలోని రాయి ఎట్లు బయటికి లాగునో అట్లే నమూనా తన బరువుకు పదులరెట్లు, వందరెట్లు బరువుగా అడుగునకు నొక్కుకొనును. నూరురెట్లు బరువైనపుడు ఒక మీటరు గట్టు నూరు మీటర్ల గట్టువలె ప్రవర్తించును. నీరు ఊరుటకు పట్టు కాలమును నూటికి నూరురెట్లు, అనగా పదివేలరెట్లు తగ్గును. ఒక గంట ప్రయోగము ఏడాదికి మించిన కాలమును చూపును. కేంబ్రిడ్జిలో ఆండ్రూ స్కోఫీల్డ్ ఈ పద్ధతిని వృద్ధిచేసెను. మన దేశమున బొంబాయి ఐ.ఐ.టి.లో 4.5 మీటర్ల బాహువుగల ఇట్టి యంత్రమున్నది. కట్టల, వాలుల పటుత్వమును దానిపై పరీక్షించుచున్నారు.

తెలిసినదానిని వాడుట

ఇప్పుడు అబర్‌ఫాన్ గుట్టను మరల తలచుకొందము. విచారణ సంఘము పక్షమున లండను ఇంపీరియల్ కళాశాలకు చెందిన అలన్ బిషప్, ఆయన సహచరులు ఆ మన్నును తెచ్చి పరీక్షించిరి. వారు కనుగొన్నది మనము పైన చెప్పుకొన్నదే. గుట్ట మన్ను కుదింపక పైనుండి పోసినది, కనుక వదులు. ఊటలమీద పోసినది, కనుక అడుగు నీటితో నిండినది. మొదట సాధారణముగా జారినది. జారుటచేత వదులు మన్ను కుదించుకొని నీటి ఒత్తిడి లేచినది. అచ్చటినుండి అది పారినది. ఆ ఊటలు ప్రభుత్వ సర్వే పటములలో గుర్తింపబడియే యున్నవి. గుట్ట పోయకముందు పటమును విప్పి చూచినవారు లేకపోయిరి. 1967లో వెలువడిన నివేదిక ఆ లోపమును నిర్మొగమాటముగా చెప్పినది. 1969లో ఇట్టి గుట్టలను గూర్చి బ్రిటనులో ప్రత్యేక చట్టము వచ్చినది.

మన దేశమునందును ఈ శాస్త్రము దూరపుమాట కాదు. 2024 జులై 30న కేరళలోని వయనాడు జిల్లాలో అతివృష్టిచే తడిసిన కొండ తెగి, బురదయు బండలును ఏటివెంట పారి, రెండువందలకు మించి ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. అదే సంవత్సరము ఆగస్టు 31న భారీవర్షములలో విజయవాడ మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లపై పడి పలువురు మరణించిరి. మొదటిది పారుట, రెండవది పడుట. రెండును ఒకే తీరువి కావు. అయినను రెంటికిని తోడుబోయినది నీరే.

కనుక ఈ ప్రసంగమునుండి శ్రోతలు గ్రహింపదగిన విషయములు కొన్నిమాత్రమే. కట్టయైనను, మెరక తోలుటయైనను, మన్నును పలుచని వరుసలుగా పోసి, తగు తడితో, ప్రతి వరుసను దిమ్మిసతోనో రోలరుతోనో కుదింపవలెను. ఒక్కసారిగా కుమ్మరించిన మన్ను ఎంత ఎండినట్లున్నను వదులు మన్నే. ఊటమీద, వాగుపట్టులో గుట్ట పోయరాదు. కొండవాలును ఇంటికొరకు అడుగున తొలిచినవారు నీరు పోవుటకు దారిని కూడ చేయవలెను. గోడ కట్టినవారు గోడలో నీటితూములు విడువవలెను. మన్ను బరువును ఆపుటకన్న, దానివెనుక నీటిని విడుచుట పెక్కుచోట్ల చవుకైన రక్ష.

వానాకాలమున వాలుమీద క్రొత్త పగులు కనబడిన, ఎన్నడును లేనిచోట ఊట పుట్టిన, తేటగా వచ్చు ఊట బురదగా మారిన, నిలువు చెట్లు స్తంభములు ఒరిగిన, కొండ మాటలాడుచున్నదని ఎంచవలెను. అప్పుడు మనకు మిగిలియున్నది ఎన్ని గంటలో, ఎన్ని నిమిషములో లెక్కకట్టుచు కూర్చుండరాదు. జారుట పారుటగా మారుటకు ఒక్క సెకను చాలునని ఆరెగన్ కాలువ చెప్పినది. ఆ మార్పు కలుగకముందే క్రిందివారిని ప్రక్కకు తప్పించవలెను. ఇల్లు మరల కట్టుకొనవచ్చును.